సంఘానికి పాత వ్యాను కొనేటప్పుడు

ఈ మధ్య సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ఒకే ప్రశ్న ఎదురవుతున్నది. “సార్, మన ఊళ్ళో పాలు చల్లబరిచే కూలరు పెట్టారు. చుట్టూ ఉన్న నాలుగు శివారు పల్లెల పాలు ఇక్కడికి చేరాలి. కిరాయి ఆటో అతను ఒక పూట వస్తే ఒక పూట రాడు. కొత్త బండి కొనే స్తోమతు సంఘానికి లేదు. రెండు మూడు లక్షల్లో పాత వ్యాను ఏదైనా చూడమంటారా?” అని కార్యదర్శులు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట చెప్పిన సంగతులనే ఇక్కడ కూర్చి రాస్తున్నాను.

పాత బండి కొనడం తప్పూ కాదు, నామోషీ కాదు. అయితే ఇటుకల వ్యాపారి పాత బండి కొనడానికీ, పాల సంఘం కొనడానికీ తేడా ఉన్నది. ఇటుకల బండి దారిలో ఆగిపోతే ఇటుకలు రేపటికీ ఇటుకలే. పాలు అట్లా ఆగవు. పిండిన పాలను మూడు నాలుగు గంటల లోపల చల్లబరచకపోతే పులుపు మొదలవుతుంది. మన ఎండాకాలంలో అంత గడువు కూడా ఉండదు. కనుక సంఘం కొనే బండికి అసలు పరీక్ష ఒక్కటే. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 365 రోజులు, చెప్పిన వేళకు బయలుదేరి చెప్పిన వేళకు చేరాలి. రంగు, సీట్లు, పాటల పెట్టె ఆ తరువాతి సంగతి.

ఈ మాట నేను నష్టపడి నేర్చుకున్నాను. కచ్చితంగా చెప్పాలంటే నష్టపడినది నేను కాదు, సభ్యులు. 2012లో నా పరిధిలోని ఒక సంఘం పాత వ్యాను కొనదలచింది. బండిని సంఘం గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టారు. తళతళలాడే తెల్ల రంగు, నల్లగా మెరిసే టైర్లు. ఆ రోజు పాలకవర్గ సమావేశానికి నేను హాజరయ్యాను. అధ్యక్షుల వారు “ఏమంటారు సార్?” అని అడిగారు. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి “బాగానే ఉన్నట్టుంది” అన్నాను. అంతే. ఆ మాటే తీర్మానానికి బలమైంది. మే నెలలో ఒక సాయంత్రం 11 క్యాన్ల పాలతో వస్తుండగా రెండు ఊళ్ళ నడుమ బండి పొగలు కక్కి ఆగిపోయింది. ఇంజను మూత దగ్గరి గాస్కెట్టు అంతకు ముందే పోయి ఉన్నదనీ, ఏదో మందు పోసి తాత్కాలికంగా అతికించి అమ్మారనీ తరువాత మెకానిక్కు చెప్పాడు. మరొక బండి దొరికేసరికి రాత్రి పది దాటింది. 430 లీటర్ల పాలు కేంద్రంలో పరీక్షకు నిలబడలేదు.

ఆ పక్షం చెల్లింపుల రోజున ఒక పెద్దామె కార్యదర్శిని నిలదీసింది. “నా గేదె ఇచ్చింది, నేను పోశాను. మీ బండి ఆగితే నా డబ్బులెందుకు ఆగాలయ్యా?” ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి సంఘమే ఆ సొమ్ము భరించింది. ఆ ఏడు బోనసు పంచలేదు. నేను “బాగానే ఉన్నట్టుంది” అన్న బండి అది.

మొదట బరువు లెక్క

బండి చూడడానికి వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఒకటి ఉన్నది. గడిచిన ఏడాది సేకరణ రిజిస్టరు తీసి, ఒక్క పూటలో అత్యధికంగా ఎన్ని లీటర్లు వచ్చాయో చూడండి. సగటు చూస్తే సరిపోదు. చలికాలంలో పాలు పొంగే రోజుల లెక్క కావాలి.

లీటరు పాలు కిలోకంటె కాస్త ఎక్కువే తూగుతాయి. 40 లీటర్ల క్యానులో పాలు సుమారు 41 కిలోలు. అల్యూమినియం క్యాను రకాన్ని బట్టి ఎనిమిది తొమ్మిది కిలోలు. గుండ్రంగా నిండు క్యాను 50 కిలోలు అనుకోండి. ఇప్పుడు మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే టాటా ఏస్ సంగతి చూద్దాం. ఇది 2005లో వచ్చిన బండి. దీన్ని ఉత్తరాది వారు ఛోటా హాథీ అంటారు. మామూలు రకం ముప్పావు టన్ను, అంటే 750 కిలోల బండి. కనుక 15 క్యాన్లు.

కాని దాని తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల పైచిలుకు వెడల్పు ఉంటుంది. క్యాను అడ్డకొలత అడుగుకు కాస్త ఎక్కువ. వరసకు నాలుగు చొప్పున ఆరు వరసలు, 24 క్యాన్లు పట్టినట్టే కనిపిస్తుంది. చోటు ఉన్నది కదా అని 24 ఎక్కిస్తే 1,200 కిలోలవుతుంది. చాలా సంఘాల బళ్ళు చెడేది ఇక్కడే. తొట్టి పట్టినంత కాదు, బండి మోయగలిగినంత ఎక్కించాలి. ఆర్.సి.లో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. మొత్తంలో ఖాళీ బరువు తీసివేయండి. మిగిలినదే మీ హద్దు. క్యాన్లు దించే మనిషి కూడా ఎక్కితే ఒక క్యాను తగ్గించుకోండి.

పూటకు 600 లీటర్లు దాటే సంఘానికి ఏస్ చాలదు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంబావు రకం. మహీంద్రా బొలెరో పికప్పులలో టన్నుకు పైబడిన రకాలు చాలా ఉన్నాయి. అవి ఖరీదు ఎక్కువ, నూనె ఎక్కువ తాగుతాయి. 300 లీటర్లకు బొలెరో కొన్న సంఘాన్నీ చూశాను. అధ్యక్షుల వారి ఊరేగింపుకు బాగుంటుంది గాని లెక్కకు నిలవదు.

కొందరు చవకగా వస్తున్నదని తెల్ల నంబరు పలక ఉన్న ఓమ్ని వ్యాను చూస్తారు. వెనుక సీట్లు తీసేసి క్యాన్లు పెట్టవచ్చునంటారు. అది సొంత ప్రయాణానికి రిజిస్టరైన బండి, సరుకు రవాణాకు కాదు. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న అదే. దాని తయారీ కూడా 2019లో నిలిచిపోయింది. అటు పోవద్దు.

ఇంతకు ముందు ఏం మోసింది?

బండి ఎంత తిరిగింది అని అందరూ అడుగుతారు. మీటరును వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. అందుకని నేను మొదట అడిగేది, ఇది ఇన్నాళ్ళూ ఏం మోసింది అని. బండి బతుకంతా ఆ జవాబులో ఉంటుంది.

కైకలూరు, భీమవరం వైపు నుంచి వచ్చే బళ్ళు చూడడానికి బాగుంటాయి, ధర కూడా తక్కువ చెబుతారు. చాలా బళ్ళు చేపలు, రొయ్యలు మోసినవే. ఐసు కరిగిన ఉప్పు నీళ్ళు తొట్టి సందుల్లోంచి కిందికి కారి చాసిస్ లోపలి వైపు తినేస్తాయి. పైన రంగు వేస్తే కనబడదు. దానికి తోడు ఆ వాసన. పాలు పక్కనున్న వాసనను ఇట్టే పట్టుకుంటాయని మన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మూత ఉన్న బండి అయితే తలుపులు మూసి పది నిమిషాల తరువాత తెరిచి ముక్కు పెట్టి చూడండి. ఎండవేళ చూస్తే ఇంకా మంచిది. పురుగుమందులు మోసిన బండిని ఎంత కడిగినా మనకు పనికిరాదు. ఇందులో బేరం లేదు.

ఇసుక, కంకర మోసిన బండికి జబ్బు వేరు. వెనుక కమాను కట్టల్లో పట్టీలు లెక్కపెట్టండి. అదే రకం మరొక బండితో పోల్చి చూడండి. అదనంగా పట్టీలు వేయించి ఉంటే, బరువు మీద బరువు వేసిన బండి అని అర్థం. కమాన్లు చాసిస్‌కు తగులుకునే చోట్ల వెల్డింగు మచ్చలు, పగుళ్ళు ఉన్నాయేమో టార్చి లైటు వేసి, కింద పడుకుని చూడాలి. చొక్కా మాసిపోతుందని ఎవరో ఒకరు వెనకాడతారు. ఆ చొక్కా ఖరీదు చాసిస్ ఖరీదులో వెయ్యో వంతు కూడా కాదు.

బ్రెడ్డు, బిస్కట్లు, కొరియరు పార్సెళ్ళు వంటి తేలిక సరుకు మోసిన బళ్ళు తిరిగిన దూరం ఎక్కువైనా నడుము గట్టిగా ఉంటుంది. ఇటువంటివి దొరికితే రెండోసారి వెళ్ళి చూడవచ్చు. పాలు మోసిన బండే అమ్మకానికి వస్తే మాత్రం మన జాతిదే కదా అని మురిసిపోవద్దు. పల్లెపల్లెకూ ఆగి కదిలిన బండి గనుక క్లచ్చు, స్టార్టరు మోటారు అరిగి ఉంటాయి. ఒలికిన పాలు పులిసి తొట్టి రేకును తింటాయి. తొట్టిలో పరచిన రబ్బరు పట్టా ఎత్తించి, నాలుగు మూలలూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అమ్మేవాడు అభ్యంతరం చెబితే మీకు జవాబు దొరికినట్టే.

ఫైనాన్సు వారు బాకీ కింద పట్టుకుని యార్డులో పెట్టిన బళ్ళు వేలానికి వస్తుంటాయి. ధర తక్కువే. కాని నెలల తరబడి ఎండకు, వానకు నిలబడినవి. బ్యాటరీ పోయి ఉంటుంది, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, టైర్లు ఒకే చోట ఒత్తుకుని ఉంటాయి. చాలా చోట్ల నడిపి చూసుకోనివ్వరు. నడిపి చూడని బండిని సంఘం సొమ్ముతో కొనరాదని నా ఖచ్చితమైన అభిప్రాయం.

తెల్లవారుజామున చూడండి

బండిని మధ్యాహ్నం చూడవద్దు. మన పని తెల్లవారుజామున ఐదింటికి. ఆ వేళకే వెళ్ళండి. రాత్రి నుంచి స్టార్టు చేయవద్దని ముందుగా చెప్పండి. చేరగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడండి. ఏస్ వంటి బళ్ళలో ఇంజను సీటు కిందనే ఉంటుంది. వెచ్చగా తగిలితే, మీరు రాకముందే ఎవరో దాన్ని నిద్ర లేపారన్న మాట. మర్నాడు వస్తామని చెప్పి తిరిగి రండి.

చల్లని ఇంజను ఒకటి రెండు ప్రయత్నాల్లో అందుకోవాలి. పొగ చూడండి. నీలి రంగు పొగ వస్తుంటే ఇంజనాయిలు కాలుతున్నది. నల్లపొగ విడవకుండా వస్తుంటే గాలి వడపోతో, ఇంజక్టర్లో చెడి ఉన్నాయి. తెల్లపొగ మొదట కొంచెం వచ్చి పోతే ఫరవాలేదు. బండి వేడెక్కిన తరువాత కూడా వస్తుంటే నీళ్ళు లోపలికి చేరుతున్నాయని అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే అక్కడ నుంచి గుప్పుగుప్పున పొగ, ఒత్తిడి వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. ఇంజను ఆపి ఆయిలు పుల్ల బయటికి తీసి రంగు చూడండి. నల్లగా ఉండడం సహజం. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆయిలులో నీళ్ళు కలిశాయి. 2012లో నేను ఆ పుల్ల తీసి చూసి ఉంటే ఈ వ్యాసంలో పైన ఆ కథ ఉండేది కాదు.

ఇక నడిపి చూడడం. ఖాళీ బండిలో రోడ్డు మీద ఒక చక్కరు కొట్టి వస్తే ఏమీ తెలియదు. సంఘం క్యాన్లు ఒక డజను పట్టుకెళ్ళి నీళ్ళు నింపి ఎక్కించండి. ఒక్కొక్కటి 48 కిలోలకు తగ్గదు. మీ దారిలో అన్నిటికంటె చెడ్డ ఎత్తు ఎక్కడ ఉన్నదో అక్కడికి తీసుకుపొండి. ఎత్తు మధ్యలో ఆపించి, మళ్ళీ కదిలించమనండి. ఇంజను అరుస్తూ బండి కదలకపోతే క్లచ్చు జారుతున్నది. వాగు దగ్గర దిగేటప్పుడు బ్రేకు ఒక పక్కకు లాగుతున్నదా? వేడి చూపే ముల్లు ఎక్కడ ఉన్నది? పాలు పోసే కేంద్రాల దగ్గర ఆగినట్టే ఆరేడు చోట్ల ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేయించండి. వేడిమీద స్టార్టు కాని బండి మనకు శత్రువు. తిరిగి వచ్చాక అరగంట నిలిపి, కింద ఒక పాత పేపరు పరిచి చుక్కలు పడ్డాయేమో చూడండి.

ఈ పరీక్షకు అమ్మేవాడికి తెలిసిన మెకానిక్కును గాని, కమీషను ఆశించే డ్రైవరును గాని పెట్టుకోవద్దు. పక్క మండలం నుంచి తెచ్చుకున్నా సరే, మీ డబ్బుతో మీ మెకానిక్కును తెచ్చుకోండి. అతనికిచ్చే వెయ్యో రెండు వేలో దుబారా అని పాలకవర్గంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నా తనిఖీలో ఆ వోచరుకు అభ్యంతరం చెప్పనని ఇక్కడే రాసి ఇస్తున్నాను.

టైర్ల మెరుపు చూసి మోసపోవద్దు. అది పాలిషు. టైరు పక్క అంచు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా, ఆరేడేళ్ళ టైరు పగుళ్ళు బారి బరువుమీద పగులుతుంది. ఒక అంచే అరిగి ఉంటే ముందు ఇరుసు గాని, చాసిస్ గాని వంకర పోయి ఉండవచ్చు.

ఏ సంవత్సరపు బండి?

2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బి.ఎస్. 4 బళ్ళు, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 బళ్ళు మాత్రమే కొత్తగా అమ్మారు. బి.ఎస్. 6 డీజిలు బళ్ళలో పొగను శుద్ధి చేసే పరికరాలు, సెన్సార్లు ఎక్కువ. బండి మంచిదే. కాని చెడితే కంప్యూటరు తగిలించి చూసే మెకానిక్కు కావాలి. మీ ఊరికి అటువంటివాడు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే, బస్టాండు పక్క మెకానిక్కు చేతికి అలవాటైన 2017-2020 మధ్య బండే మీకు నయం. పట్టణానికి దగ్గరి సంఘాలు కొత్త రకం వైపు చూడవచ్చు. మీ మెకానిక్కు ఎవరో ముందు నిర్ణయించుకుని, అతను ఏ బండి బాగు చేయగలడో అది కొనండి.

సరుకు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఎనిమిదేళ్ళ లోపు రెండేళ్ళకు ఒకసారి, ఆ తరువాత ఏటా తీసుకోవాలి. 15 ఏళ్ళు దాటిన బళ్ళకు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజులు బాగా పెంచారు. మరీ ముసలి బండి చవక అనుకోవడం పొరపాటు.

కాగితాలు

ఆర్.సి.లోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీది నంబర్లతో సరిపోవాలి. చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి సంఘం ఫైలులో పెట్టండి. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే, బాకీ తీరిందని అమ్మేవాడు చెప్పిన మాట చాలదు. ఫైనాన్సు వారి నిరభ్యంతర పత్రం, వారు సంతకం చేసిన 35వ నంబరు ఫారం చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకూడదు. యాజమాన్యం మార్పుకు 29, 30 నంబర్ల ఫారాలు. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ ఫారం మీద నిరభ్యంతరం కావాలి. తెలంగాణ బండి ఆంధ్రకు వచ్చినా, ఆంధ్ర బండి తెలంగాణకు వెళ్ళినా ఇదే నియమం. పన్ను బాకీలు, చలానాలు అమ్మేవాడే తీర్చి రసీదులు ఇవ్వాలి.

బీమా విషయంలో చాలా సంఘాలు ఏమరుపాటుగా ఉంటున్నాయి. పాత యజమాని పేరు మీద పాలసీ నడుస్తున్నదిలే అని ఊరుకుంటారు. బండి చేతులు మారిన 14 రోజులలోగా పాలసీని సంఘం పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ బండితోపాటు వస్తుంది గాని, మన బండికి జరిగే నష్టానికి పరిహారం అట్లా దానంతట అది రాదు.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టు అవసరం లేదని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అంతకు మించిన పికప్పుకు పర్మిట్టు కూడా చూసుకోవాలి. డ్రైవరు విషయంలో ఒక వెసులుబాటు వచ్చింది. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా బండిని మామూలు లైటు మోటారు లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. లైసెన్సు గడువు మాత్రం మీరే చూసి, నకలు ఫైలులో పెట్టుకోవాలి.

లీటరుకు ఎంత పడుతుంది?

ఒక నమూనా లెక్క ఇస్తున్నాను. అంకెలు మీ ఊరికి తగినట్టు మార్చుకోండి. బండి, మొదటి మరమ్మతులు కలిపి రు. 3,00,000 అయిందనీ, ఐదేళ్ళ తరువాత రు. 1,00,000కు పోతుందనీ అనుకుంటే ఏటా తరుగుదల రు. 40,000. రోజుకు రెండు పూటలా కలిపి 60 కిలోమీటర్లు, అంటే ఏడాదికి 21,900. ఆగుతూ కదులుతూ లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే 1,460 లీటర్ల డీజిలు. లీటరు రు. 97 చొప్పున రు. 1,41,620. డ్రైవరు జీతం నెలకు రు. 15,000 వంతున రు. 1,80,000. బీమా, పన్ను, ఫిట్‌నెస్‌లకు రు. 35,000. టైర్లు, ఆయిలు, మరమ్మతులకు రు. 50,000. మొత్తం రు. 4,46,620.

రోజుకు రెండు పూటలా 700 లీటర్లు తెచ్చే సంఘానికి లీటరుకు సుమారు రూపాయి ముప్పావలా పడుతుంది. 350 లీటర్లే తెచ్చే సంఘానికి ఖర్చు ఏమీ తగ్గదు గనుక మూడున్నర రూపాయలు పడుతుంది. రెండో సంఘం బండి కొనకుండా, ఆటో అతనితో కాగితం మీద ఒప్పందం రాసుకుని, రాని పూటకు జరిమానా పెట్టుకోవడం మేలు. లేదా పక్క సంఘంతో కలిసి ఒకే బండి నడుపుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలు వేస్తే ఖర్చు కొంత కలిసి వస్తుంది. పాల క్యాన్లతో పాటే మాత్రం దాణా, ఎరువు ఎక్కించకూడదు.

చేతిలో మూడు లక్షలు ఉంటే మూడు లక్షల బండి చూడవద్దు. రెండు లక్షల ముప్పై, నలభై వేలలో బేరం చేయండి. మిగిలినది పక్కన పెట్టి, కొన్న వారంలోనే ఆయిళ్ళు, వడపోతలు, బెల్టు, రేడియేటరు గొట్టాలు, బ్రేకు లైనింగులు, అవసరమైతే బ్యాటరీ మార్పించండి. అవి బాగానే ఉన్నాయని అమ్మేవాడు చెప్పినా మార్పించండి. పైన గుడ్డ టాపు వేయించండి. లోపల వేడి ఆగే తొడుగు లేని ఇనుప డబ్బా బాడీ ఎండలో పొయ్యిలాగ కాగుతుంది. గుడ్డ టాపు కింద తడి గోనెలు కప్పిన క్యాన్లే చల్లగా ఉంటాయి.

తీర్మానం, చెల్లింపు

బండి చూడడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేసి, కనీసం మూడు బళ్ళు చూసి, ఒక్కొక్కదాని ధర, లోపాలు రాయించి పాలకవర్గం ముందు పెట్టాలి. ఎక్కువ పాలు పోసే మహిళా సభ్యురాలు ఒకరు ఆ ముగ్గురిలో ఉంటే బేరం గట్టిగా సాగుతుందని నా అనుభవం. బైలాలో పాలకవర్గానికి ఉన్న ఖర్చు పరిమితి చూసుకోండి. దాటితే ముందుగా సర్వసభ్య సమావేశం ఆమోదమో, పై అనుమతో అవసరమవుతుంది. కొన్న తరువాత ఆమోదం కోరడం ఆడిట్ అభ్యంతరానికి పీట వేయడమే. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

బండి తప్పనిసరిగా సంఘం పేరున రిజిస్టరు కావాలి. ఒక చోట తొందరలో అప్పటి అధ్యక్షుల పేరున మార్పించారు. తరువాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. బండి ఆయన పెరట్లోనే ఉండిపోయింది. మనిషి చెడ్డవాడు కాదు. కాని ఎండాకాలమంతా సంఘం పాలు మళ్ళీ కిరాయి ఆటోలోనే వెళ్ళాయి.

అదేవిధంగా సంఘం తన పాత బండి అమ్మేటప్పుడు కూడా కొన్నవాడి పేరు మీదికి మారేదాకా వెంటపడాలి. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే ప్రమాదంలో బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

కొత్తగా కొన్న పాత బండి వచ్చిన మొదటి పక్షం రోజులు కిరాయి ఆటో అతన్ని మాన్పించవద్దు. సగం కిరాయి ఇచ్చి అయినా పిలిస్తే వచ్చేటట్టు ఉంచుకోండి. డ్రైవరు చేతికి ఒక పుస్తకం ఇచ్చి, రోజూ బయలుదేరిన వేళ, ప్రతి కేంద్రంలో ఎక్కించిన క్యాన్లు, చేరిన వేళ, పోసిన డీజిలు, ఉదయం చూసిన ఆయిలు మట్టం రాయించండి. తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఆ పుస్తకమే.